నులక మంచం మీద తెల్లగడ్డలు

శివరాత్రి పోయిన పది పదిహేను రోజులకు మా ఇంట్లో నాయనకు మంచం ఉండేది కాదు.

మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి, సైకిలు గోడకు ఆనించి, వరండాలోని నులక మంచం వైపు ఒకసారి చూసేవాడు. మంచం నిండా తెల్లగడ్డలు. ఆకులతో, వేళ్ళతో, వేళ్ళకు పట్టుకున్న ఎర్రమట్టితో సహా వరసగా పడుకుని ఉండేవి. నాయన మారుమాట లేకుండా లోపలికెళ్ళి చాప తెచ్చుకుని, మంచం పక్కనే నేల మీద నడుం వాల్చేవాడు. మూడు వారాలు అంతే. అది మా అవ్వ పెట్టిన చట్టం. ఇంటి యజమానికైనా, ఊర్నించి దిగిన చుట్టానికైనా ఒకటే.

నేను చెప్తున్నది 1970ల చివరి బెంగళూరు. జాలహళ్ళిలో హెచ్‌ఎంటీ ఫ్యాక్టరీ వాళ్ళ క్వార్టర్సు. ముందు వరండా, వెనక పెరడు. మా గోడకు అటు కన్నడం వాళ్ళు, ఇటు తమిళులు, ఎదురుగా బందరు నుంచి వచ్చిన కుటుంబం. బందరు పిన్ని వెల్లుల్లి అనేది. తమిళ అక్క పూండు అనేది. కన్నడం ఆంటీ బెళ్ళుళ్ళి అనేది. హిందూపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన మాకు అది తెల్లగడ్డ. ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళదుంప ఉర్లగడ్డ, మా ఇంటి లెక్క ఇంతే. రెండు రెబ్బలు చేబదులుకు పోయినప్పుడు మాత్రం ఏ గుమ్మం ముందు ఆ మాట వాడేవాళ్ళం. అవ్వకు ఆ అవసరం లేదు. అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు.

తాత పోయాక 1969లో అవ్వ మా దగ్గరికి వచ్చేసింది. గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా వచ్చే ప్యాసింజరు రైల్లో, ఒళ్ళో ఒక గంప పెట్టుకుని వచ్చిందట. గంపలో రాగిపిండి, చెనక్కాయలు, వాటి మీద పాత చీరముక్కలో చుట్టిన ఒక తెల్లగడ్డల జడ. పెన్న ఒడ్డున మా బావి కింద పండినవి. అమ్మ ఆ జడ విప్పి వంటింట్లో పెట్టబోతే అవ్వ చేయి అడ్డం పెట్టిందని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. “అవి తినేవి కాదు, విత్తనం.”

తెల్లగడ్డకు గింజ ఉండదు. మనం సాగు చేసే రకాల్లో పూకాడ వచ్చినా గింజ కట్టదు. నాటాల్సింది రెబ్బనే. అంటే ఈ ఏడాది గడ్డ పోయిన ఏటి గడ్డలో ఒక ముక్క. అది అంతకు ముందు ఏటి దాంట్లో ముక్క. అవ్వ గంపలో వచ్చిన రెబ్బ, వాళ్ళ అత్తగారు నాటిన రెబ్బలోంచి తెగకుండా వస్తున్నదే. వడ్లో, రాగులో అయితే ఒక ఏడాది నాటకపోయినా కుండలో దాచిపెట్టుకోవచ్చు. తెల్లగడ్డ అట్లా ఆగదు. పన్నెండు నెలలు దాటితే రెబ్బ లోపలే ఎండిపోతుంది, లేదా మొలకెత్తి అయిపోతుంది. ఏటేటా భూమిలోకి పోవాల్సిందే. ఇది నాకు చాలా ఆలస్యంగా, చాలా ఖరీదు పెట్టాక అర్థమైంది. దాని సంగతి తర్వాత.

బెంగళూరు నేల ఎర్రనేల. తడిగా ఉన్నప్పుడు వెన్న, ఎండితే ఇటుక. ఆ గట్టిదనంలో గడ్డ ఊరలేదు, ఊరినా అడ్డదిడ్డంగా నొక్కుకుపోతుంది. అందుకని దసరా దాటగానే అవ్వ పెరడు తవ్వించేది. జాలహళ్ళి ఊళ్ళో అప్పుడు ఇంటింటికీ పశువులుండేవి. పాలాయన దగ్గర ఎండు పేడ ఎరువు రెండు గోతాలు, స్నానాల గదిలో నీళ్ళు కాచే అండా కింద పోగైన బూడిద, రాలిన ఆకులు కుళ్ళిన మట్టి, అన్నీ కలిపి మోకాటి ఎత్తు కాకపోయినా జానెడు ఎత్తు మళ్ళు కట్టించేది. అక్టోబరు వానలు ఇంకా పోలేదు కాబట్టి ఎత్తు మడి కాకపోతే నీళ్ళు నిలిచి రెబ్బ కుళ్ళుతుంది.

దీపావళి అయిన మూడో నాలుగో రోజు నాటేది. బసవనగుడిలో కడలెకాయి పరిషెకు ముందే అయిపోవాలని ఆమె పట్టు. కార్తికం చివరి సోమవారం ఆ చెనక్కాయల జాతర. అప్పటికి మా మళ్ళలో ఆకుపచ్చ మొనలు కనపడాలి. కనపడితేనే మమ్మల్ని జాతరకు పంపేది, అది మా ఆశ.

నాటే ముందు రోజు సాయంత్రం అవ్వ మా ఇద్దరి గోళ్ళు తీసేది. అక్కవీ, నావీ. రెబ్బలు విడదీసేటప్పుడు గోరు గుచ్చుకుంటే ఆ గాటు దగ్గర బూజు పడుతుందని. మరుసటి రోజు పొద్దున్నే కాళ్ళు చాపుకుని కూర్చుని, అటక కింద కట్టిన విత్తనాల జడ దించేది. గడ్డ విడదీసేది మేము, ఎంచేది ఆమె. గడ్డకు వెలుపలి వైపున్న లావు రెబ్బలు కుడి చేటలోకి. లోపలి సన్నవి ఎడమ చేటలోకి. కుడిది మట్టికి, ఎడమది మాకు. పొట్టు ఊడినది ఎంత లావుదైనా వంటింటికే. పొట్టు లేని రెబ్బకు నేలలో దిక్కు లేదు.

నాకప్పుడు ఇది పెద్ద అన్యాయంగా ఉండేది. ఏడాది పొడుగునా మేం తినేది చిన్నవి. ఒలిస్తే గోళ్ళు మండే చిన్న చిన్న రెబ్బలు. పెద్దవన్నీ అటక కింద జడలో రాణుల్లాగా కూర్చుని చూస్తుండేవి. బందరు పిన్ని వాళ్ళు యశ్వంతపూర్ మార్కెట్ నుంచి తెచ్చుకునే పెద్ద రెబ్బలను చూసి ఒకసారి అడిగాను, మంచివి ఎప్పుడూ ఎందుకు దాచిపెడతావని. “పెద్దరెబ్బ నాటితే పెద్దగడ్డ. చిన్నది నాటితే చిన్నది. ఇప్పుడు పెద్దవి తింటే వచ్చే ఏడు ఏం తింటావు పాపా?” అంది. ఆ సమాధానం నాకు నచ్చలేదు. అయినా నోరు మూసుకుని ఒలిచాను.

బుడిపె కిందికి, మొన పైకి. బొటనవేలి మొదటి గణుపు మునిగేంత లోతు. రెబ్బకూ రెబ్బకూ మధ్య బెత్తెడు, సాలుకూ సాలుకూ మధ్య జానెడు. అక్క పొడుగు వేళ్ళది, చక్కగా నాటేది. నేను తొందరలో తలకిందులుగా గుచ్చినవి కూడా మొలిచేవి గానీ, మొలక కింద నుంచి ఒంగి పైకి తిరగాల్సి వచ్చి, గడ్డ మెడ కొక్కెంలా వచ్చేది. తవ్వినప్పుడు ఆ కొక్కేలన్నీ నావని అందరికీ తెలిసేది.

తర్వాత రెండు నెలలు పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. వారానికి ఒకసారి తడి. తుంగ కనపడితే గడ్డతో సహా పీకడం. ఆకుల మీద వెండిగీతలు పడితే తామర పురుగు వచ్చినట్టు, అప్పుడు వేపాకు కాచిన నీళ్ళు చల్లడం. కానీ డిసెంబరు మాత్రం చెప్పకుండా ఉండలేను. బెంగళూరుకు అనపకాయల కాలం అది, సొరకాయ కాదు, గింజలు ఒలుచుకునే చిక్కుడు జాతి కాయ. కన్నడం వాళ్ళు సొగడు అంటారే, మంచులో తడిసిన అనపకాయ చేతికి అంటించే ఆ జిడ్డు వాసన, వీధి వీధంతా అదే. మా ఇంట్లో రోజు మార్చి రోజు పితికిపప్పు పులుసు. కాయలు ఒలిచిన తొక్కలు ఒక్కటి బయట పడెయ్యనిచ్చేది కాదు అవ్వ. పక్కిళ్ళ తొక్కలు కూడా మేమే గంపల్లో తెచ్చేవాళ్ళం. అన్నీ తెల్లగడ్డ సాళ్ళ మధ్య పరిచేది. నేల గట్టిపడదు, తడి ఆరదు, కలుపు లేవదు. పొద్దున స్కూలుకు పోయే ముందు పెరట్లోకి వెళితే ఆ తొక్కల మీద మంచు, మంచు లోంచి నిటారుగా లేచిన ఆకులు. అదే ఊరిలో ఇప్పుడు పుట్టిన పిల్లలకు నేను ఆ చలి గురించి చెప్తే నమ్మరు.

ఆ చలే తెల్లగడ్డకు ప్రాణం. రెబ్బ చలి తిన్నాక, తర్వాత పగళ్ళు పొడుగై ఎండ పెరిగేటప్పుడు గడ్డ కట్టడం మొదలవుతుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి బెంగళూరులో అది సాధ్యమైంది. అలాగని ఏ రకం పడితే అది రాదు. మండువేసవిలో కూడా ఇక్కడ పగలు 13 గంటలకు చేరదు. పొడుగు పగళ్ళకు అలవాటుపడిన చలిదేశాల రకాలు ఇక్కడ ఆకు మాత్రమే వేస్తాయి, గడ్డ కట్టవు. అవ్వ తెచ్చినది మన ఎండకు, మన పగటికి అలవాటుపడినది. అందుకే దానికంత విలువ.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేది. ఆ పండగతోనే అవ్వ నీళ్ళు ఆపేసేది.

1978లో నాకు పన్నెండేళ్ళు. ఆ ఏడు నీళ్ళు ఆపిన నాలుగో రోజు నుంచి కింది ఆకులు పసుపు తిరగడం చూశాను. తర్వాత మొనలు ఎండాయి. మెడలు మెత్తబడి కొన్ని పక్కకు వాలాయి. మూడు నెలలుగా కాపాడిన వాటిని అవ్వ ఇట్లా చంపేస్తోందేమిటని నాకు ఏడుపొచ్చింది. అడిగితే తిడుతుందని, సాయంత్రం అందరూ వరండాలో ఉన్నప్పుడు చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి చివరి సాలుకు పోసేదాన్ని. గోడ పక్కన ఉన్న ఒక్క సాలుకే, ఎవరికీ కనపడదని. అట్లా తొమ్మిది రోజులు పోశాను. అవి కూడా నా మాట విన్నట్టు పచ్చగా నిలబడ్డాయి. ఎంత సంతోషపడ్డానో.

తవ్వే రోజు ఆ సాలు దగ్గరికి వచ్చేసరికి అవ్వ చేయి ఆగింది. గడ్డలు పొరలు చిట్లి, రెబ్బలు విచ్చుకుని ఉన్నాయి. ఒకటి రెండింటికి పొట్టు కుళ్ళి నల్లబడింది. పదహారు గడ్డలు. వాటిని ఒడిలో వేసుకుని ఆమె నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆమెకు అంతా అర్థమైపోయింది.

తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, బాగున్న ఒక గడ్డ తీసి ఆకులు లెక్కపెట్టించింది. ఒక్కో ఆకు మొదలు గడ్డ చుట్టూ ఒక్కో పొరగా దిగుతుంది. కింది మూడు నాలుగు ఆకులు ఎండి, పైన అయిదారు ఇంకా పచ్చగా ఉన్నప్పుడు తవ్వితే ఆ పచ్చటి ఆకుల పొరలన్నీ గడ్డకు చొక్కాలవుతాయి. ఇంకా ఆగితే చొక్కాలన్నీ కుళ్ళి రెబ్బలు బయటపడతాయి. నీళ్ళు పోస్తూనే ఉంటే గడ్డ లోపల ఉబ్బి చొక్కా చింపుకుంటుంది. “నీళ్ళు కట్టేది ఎంత పనో, ఆపేదీ అంత పనే పాపా” అంది. ఆ పదహారు గడ్డలు నిలవ ఉండవు కాబట్టి అదే వారం ఊరగాయకు పోయాయి. నేనే ఒలిచాను. మూడు రోజులు వేళ్ళు మండాయి.

తవ్వడం అంటే పీకడం కాదు. మెడ పట్టి లాగితే తెగుతుంది, లేదా గడ్డకు లోపల దెబ్బ తగిలి మూడు నెలల తర్వాత కుళ్ళు కనపడుతుంది. చిన్న పారతో సాలు పక్కన, గడ్డకు దూరంగా దించి, కింది నుంచి మట్టిని లేపాలి. అప్పుడు చేత్తో అందుకోవాలి. అందుకున్న దాన్ని విసరకూడదు, తట్టకూడదు, కడగకూడదు. ఎంత మట్టి ఉన్నా సరే. ఎండలో కూడా పెట్టకూడదు. తాజా గడ్డకు నేరుగా ఎండ తగిలితే ఉడికినట్టయిపోతుంది. మడిలోనే కాసేపు ఉంచాల్సి వస్తే ఒకదాని ఆకులు ఇంకోదాని గడ్డ మీద కప్పుతూ, పెంకుటిల్లు కప్పినట్టు పరిచేది అవ్వ.

ఆ తర్వాత నులక మంచం. ఎందుకు అదే అంటే, నులక సందుల్లోంచి కింద గాలి, పైన గాలి. వరండాకు తూర్పున గోడ, పడమర మల్లెపందిరి, కాబట్టి ఎండ పడదు. రోజుకు ఒకసారి అన్నింటినీ తిప్పేది. మొదటి వారం వాసన ఘాటుగా, పచ్చిగా, కళ్ళకు తగిలేది. రెండో వారానికి అది తగ్గి ఏదో తీపి కలిసేది. మూడో వారానికి పక్కన నిలబడినా పెద్దగా వాసన రాదు. తెల్లగడ్డ నలిగితేనే వాసన, చెక్కు చెదరకపోతే తన గుట్టు తనలోనే దాచుకుంటుంది. అవ్వ మెడను బొటనవేలితో, చూపుడువేలితో నొక్కి చూసేది. లోపల జారినట్టు ఉంటే ఇంకా తడి ఉన్నట్టు. ఎండిన గడ్డి నొక్కినట్టు గలగలమంటే అయినట్టు. వేళ్ళు చీపురుపుల్లల్లా గరగరలాడాలి. అప్పుడు వేళ్ళు కత్తిరించి, మట్టితో ఉన్న పైపొర ఒక్కటి మాత్రం వేలితో తుడిచేది. లోపలి నుంచి తెలుపు మీద సన్నటి ఊదాగీతలు బయటపడేవి. అంత అందమైన వస్తువు ఆ ఇంట్లో ఇంకోటి ఉండేది కాదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఒక ఏడు మార్చిలో, అర్ధరాత్రి, గాలీవానా వచ్చింది. మామిడి పూత రాల్చే వాన. వరండాలోకి జల్లు కొడుతోంది. అవ్వ కేకతో అందరం లేచాం. నాయన ఒక పక్క, అమ్మా అక్కా ఇంకో పక్క మంచం ఎత్తారు. గుమ్మంలో పట్టదు. నిలువుగా తిప్పితే గడ్డలు రాలతాయి. చివరికి నాయన తన పక్క దుప్పటి తీసి వాటి మీద కప్పి, మంచాన్ని గోడ వారకు జరిపి, తెల్లారేదాకా దానికీ జల్లుకూ మధ్య తనే కూర్చున్నాడు. వీపంతా తడిసింది. పొద్దున ఆయన చేతి హెచ్‌ఎంటీ జనతా గడియారానికి కీ ఇస్తూ, “ఒక్కటీ తడవలేదే అమ్మా” అన్నాడు. అవ్వ రాగిసంగటి మీద నెయ్యి ఆ రోజు ఆయనకు రెండింతలు వేసింది.

జడ అల్లడం అక్క పని. ఆకులు పూర్తిగా ఎండకముందే, వంగే తడి మిగిలి ఉండగానే అల్లాలి. అవ్వ నేర్పింది. మూడు గడ్డలతో మొదలుపెట్టి, మూడు పాయలు చేసి, ఒక్కో మడతకు ఒక్కో గడ్డ చేర్చుకుంటూ పోవడం. పూలజడ వేసినట్టే. జడ చివర అరటినారతో ముడి. తినే జడలు వంటింటి కిటికీ పక్కన. విత్తనాల జడ మాత్రం స్నానాల గదిలో అండా పైన అటకకు కట్టేది. పొద్దున్నే నీళ్ళు కాగేటప్పుడు కొబ్బరిమట్టల పొగ పలచగా తగిలేది. పల్లెలో పొయ్యి మీది అటక ఉండేది, ఇక్కడ ఇదే గతి అనేది.

1981 సెప్టెంబరులో అక్క పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అక్క బాగా నీరసపడింది, పాలు సరిగా పడలేదు. మా వైపు బాలింతకు మొదటి ముద్ద తెల్లగడ్డ కారం. ఎండుమిరపకాయలు రెండంటే రెండే, తెల్లగడ్డ గుప్పెడు, జీలకర్ర, ఉప్పు రోట్లో నూరి, వేడన్నంలో నెయ్యితో. పాలు పడతాయని ఆడవాళ్ళందరి నమ్మకం. ఆ ఏడు తినే జడలు ఆగస్టుకే అయిపోయాయి. వానాకాలం బజారు గడ్డలు మొలకలొచ్చి మెత్తబడి ఉన్నాయి. “యశ్వంతపూర్ నుంచి మంచివి తెప్పిస్తాలే అత్తా” అంది అమ్మ.

అవ్వ ఏమీ అనకుండా స్నానాల గదిలోకి పోయింది. స్టూలు ఎక్కడం వినిపించింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో విత్తనాల జడ ఉంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అన్నిటికన్నా పెద్ద గడ్డ, దీపావళికని ఎంచి జడ నడుమ కూర్చిన దాన్ని, ఆమె విరిచి రోట్లో వేసింది.

అమ్మ బిత్తరపోయింది. “అత్తా, విత్తనం కదా అది!”

“విత్తనం దాచేది ఎవురికోసరమే?” అంది అవ్వ, రోకలి ఆపకుండా.

నలభై రోజులు, దాదాపు రోజూ. నేనే ఒలిచి ఇచ్చేదాన్ని. పెద్ద రెబ్బ ఒలవడం ఎంత సుళువో అప్పుడు తెలిసింది. దీపావళి వచ్చేసరికి జడలో ఒక మూర తోక మిగిలింది, దానికున్నవన్నీ సన్నగడ్డలు. అవ్వ వాటినే నాటింది. చేటలు రెండు పెట్టలేదు. ఎంచడానికి ఏమీ లేదు.

1982లో తవ్వితే సగానికి సగం ఒంటిగడ్డలు. రెబ్బలుగా విడిపోకుండా, ముత్యంలాగా ఒకే గుండ్రటి గడ్డ. సన్నరెబ్బ నాటితే దానికి విడిపోయేంత బలం చాలక అట్లా వస్తుంది. మంచం మీద ఒక మూల కూడా నిండలేదు. ఆ ఏడు నాయన మిగతా మంచం మీద పడుకున్నాడు. అవ్వ వాటిలో ఒక్కటి కూడా వంటకు ఇవ్వలేదు. అమ్మ ఏడాదంతా బజారువే కొన్నది. ఆ ఒంటిగడ్డలనే మళ్ళీ దీపావళికి నాటితే 1983లో రెబ్బలు కట్టిన మామూలు గడ్డలు వచ్చాయి, కాస్త చిన్నవి. 1984లో మళ్ళీ నాయన నేల మీదికి దిగాడు. ఆ రోజు అవ్వ మంచం కోడు పట్టుకుని ఎంతసేపు కూర్చుందో.

1987లో అవ్వ పోయింది. మూడేళ్ళు అమ్మ నాటింది. 1990లో నాయన రిటైరయ్యాడు, క్వార్టర్సు వదిలేశాం. విద్యారణ్యపురలో 30×40 అడుగుల సైటు కొని ఇల్లు మొదలుపెట్టి, అది పూర్తయ్యేదాకా ఒక మేడ మీద అద్దెకున్నాం. మట్టి లేదు. విత్తనాల జడ కిటికీ చువ్వకు వేలాడుతోంది. దీపావళి వచ్చింది, వెళ్ళింది. నేనప్పుడు ఉద్యోగంలో కొత్త, పొద్దున బస్సు, రాత్రి బస్సు. ఒక పాత బకెట్లో అయినా నాలుగు రెబ్బలు గుచ్చి ఉండొచ్చు. ఎవరికీ తట్టలేదు. ఇంకో ఏడాదికి గృహప్రవేశమై, కొత్తింట్లో అడుగు వెడల్పున పెరడు దొరికితే, సంబరంగా జడ దించాను. చేతికి బరువే లేదు. విప్పితే పొట్టు, లోపల పసుపు పొడి. ప్రతి గడ్డా విప్పి చూశాను. ఒక్క రెబ్బయినా గట్టిగా ఉంటుందని.

పల్లెకు పోయి అడిగాను. బావి ఎండి చాలాకాలమైంది. తెల్లగడ్డ ఎవరూ వెయ్యడం లేదు.

ఇప్పుడు మేడ మీద గోనెసంచుల్లాంటి మొక్కల సంచుల్లో పెంచుతున్నాను. 2020లో అందరూ ఇంట్లో కూర్చున్నప్పుడు మొదలుపెట్టాను. సూపర్ మార్కెట్ గడ్డలతో మొదటి ఏడు ఉత్త ఆకులే వచ్చాయి. తర్వాత గదగ్ వైపు నాటురకం, సన్నరెబ్బల గడ్డలు కిలో దొరికాయి. బెంగళూరు చలి మునుపటిలా నమ్మదగినది కాదు కాబట్టి విత్తనపు గడ్డలను నాటడానికి ముందు మూడు నాలుగు వారాలు ఫ్రిజ్ కింది అరలో పెడుతున్నాను. తినేవాటిని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చల్లదనానికే మొలకెత్తుతాయి. మట్టి ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, ఎరువు ఒక పాలు. డిసెంబరులో మీద అనపతొక్కలు. శివరాత్రికి నీళ్ళు ఆపడం. ఆ పదిరోజులూ ఇప్పటికీ నా చేయి చెంబు వైపు పోతుంది.

నాటు గడ్డలు ఏటేటా కొంచెం కొంచెం లావెక్కుతున్నాయి, ప్రతి ఏడూ పెద్దవి ఎంచి పెడుతున్నాను కాబట్టి. 2024లో కిలో 400 రూపాయలైనప్పుడు కూడా విత్తనం జోలికి పోలేదు. నులక మంచం దొరకలేదు. మడతమంచానికి నైలాను పట్టీలు అల్లించి మెట్లగదిలో వేశాను.

ఈ మార్చిలో అక్క వచ్చింది. అరవై దాటింది, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. మంచం చూడగానే చెప్పులు విప్పేసి పక్కన కూర్చుంది. మెడలు నొక్కి చూసింది. ఆకులు వంగుతున్నాయని తనే మూడు గడ్డలు తీసుకుని జడ మొదలుపెట్టింది. వేళ్ళకు ఏమీ మరపు రాలేదు. సగం జడ అయ్యాక, ఊరికి పట్టుకుపోతానని పెద్దగడ్డలు ఒక ఏడెనిమిది ఏరి తన సంచిలో వేసుకుంది. నేను ఏమీ అనలేదు. ఆమెకు ఇవ్వనిది ఇంకెవరికి ఇస్తాను.

మాటల్లో పురుడు సంగతి వచ్చింది. అవ్వ చేతి కారం గురించి అక్కే ఎత్తింది. అంత లావు రెబ్బలు మళ్ళీ ఎక్కడా తినలేదు, ఏ మార్కెట్ నుంచి తెచ్చేవాళ్ళో అంది. నలభై నాలుగేళ్ళుగా అవి బజారువనే అనుకుంటోంది. గదిలో పడుకున్న బాలింతకు ఎవరూ చెప్పలేదు, తర్వాత చెప్పే సందర్భం రాలేదు. స్టూలు ఎక్కిన చప్పుడు, రోట్లో పడిన గడ్డ, అమ్మ అన్న మాట, అవ్వ అన్న మాట, మరుసటి ఏడు మంచం మీది ఒంటిగడ్డలు, అన్నీ చెప్పాను.

అక్క చాలాసేపు జడ అల్లకుండా కూర్చుంది. తర్వాత సంచి దగ్గరికి లాక్కుని, అందులోంచి గడ్డలు ఒక్కొక్కటే తీసి కుడివైపు చేటలో పెట్టింది. ఎడమ చేటలోంచి చిన్నవి రెండు గుప్పిళ్ళు సంచిలో పోసుకుని, మళ్ళీ జడ అందుకుంది.